బస్తాల గోదాం మనుషుల హాలు కావాలంటే

పాఠకుల ప్రశ్నలు – హన్మకొండ నుంచి ఒక రిటైర్డ్ ఇంజినీరు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గోదాముల గురించే. మార్కెట్ యార్డులు ఊరి బయటికి పోయాక నడిబొడ్డున మిగిలిన పాత గోదాములను ఏం చేసుకోవాలన్నది మన దగ్గర చాలా మున్సిపాలిటీల ముందున్న ప్రశ్న. అందుకే నెర్రెలు, లీకేజీలు, వాస్తు గొడవల ఉత్తరాలన్నీ వచ్చే నెలకు ఆపాను. వాస్తు వాళ్లు ఏమనుకున్నా సరే.

ప్రశ్న: నమస్కారం సార్. తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. మాది పాత కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. పేరు వేయకండి, రాజకీయమవుతుంది. పాత యార్డులో వడ్ల గోదాం ఒకటి ఏళ్ల తరబడి తాళం పడి ఉంది. నూరడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు. గోడలు అడుగున్నర మందం, డంగు సున్నంతో కట్టిన ఇటుక. పైన కప్పును మోసే ఇనుప చట్రాలు (ట్రస్సులు), జింకు రేకులు. దాన్ని ఊరందరి హాలుగా మార్చాలని కౌన్సిల్‌లో తీర్మానం చేశారు. ఇప్పటిదాకా సంతాప సభ పెట్టుకోవాలన్నా, వార్డు మీటింగ్ జరపాలన్నా ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకోవాల్సిందే. ఒక కాంట్రాక్టరు ఫాల్స్ సీలింగ్, టైల్స్, ఏసీలతో ఎస్టిమేట్ ఇచ్చాడు. సలహా సంఘంలో నన్ను వేశారు. నాకు ఇందులో ఓనమాలు కూడా రావు. ముందు దేని మీద ఖర్చు పెట్టమని చెప్పాలి?

జవాబు: మాస్టారూ, ఓనమాలు రావంటూనే గోడ మందం, సున్నం రకం రాశారు. నాకు ఉత్తరాలు రాసే వాళ్లలో చాలామంది గోడ రంగు తప్ప ఇంకోటి రాయరు.

ఆ ఎస్టిమేట్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టించండి. అది పైన పటారం, లోన లొటారం లెక్క. గోదాం కట్టినవాళ్లు బస్తాల కోసం కట్టారు. బస్తాకు మాట వినపడాల్సిన పని లేదు, ఉక్కపోత లేదు, మంటలు లేస్తే తలుపు వైపు పరుగెత్తదు. మనిషికి ఈ మూడూ కావాలి. డబ్బు ముందు వాటికి పోవాలి. టైల్స్ సంగతి మిగిలితే చూసుకోవచ్చు, మిగలకపోతే పాత షాబాదు బండలే నయం.

తలుపుల నుంచి మొదలుపెడతాను. మీ గోదాంకు ఒకే పొడుగు గోడలో రెండు పెద్ద తలుపులు ఉండి ఉంటాయి. పట్టాల మీద పక్కకు జరిగేవో, పైకి చుట్టుకునే షటర్లో. లారీ ఆనించి బస్తాలు దించడానికి అంతకంటే బాగున్నవి లేవు. జనానికి మాత్రం పనికిరావు. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో గోదాములు ‘హెచ్’ గ్రూపు, జనం గుమిగూడే భవనాలు ‘డి’ గ్రూపు. బోర్డు మార్చినంత మాత్రాన గ్రూపు మారదు, కట్టడం మారాలి. బయటికి పోయే దారిగా జరిగే తలుపును, షటర్‌ను లెక్కలోకి తీసుకోరు. తలుపు బయటికి తెరుచుకోవాలి, జనం కూడే చోట దాని వెడల్పు రెండు మీటర్లకు తగ్గకూడదు. అలాంటివి కనీసం రెండు ఉండాలి, ఒకదానికొకటి దూరంగా. మీ హాలుకు నేనైతే మూడు పెట్టమంటాను. రెండు పొడుగు గోడలకూ చెరొకటి, స్టేజీ పక్కన ఒకటి. స్టేజీ మీద కూర్చున్న పెద్దలు కూడా మనుషులే కదా.

1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. కింద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మంట లేచింది, పొగ పైకి బాల్కనీలోకి వచ్చింది. నడిచే దారుల్లో అదనంగా సీట్లు వేసి ఉండటంతో జనం బయటపడలేకపోయారు. మన సభల్లో మంత్రి వస్తున్నాడంటే నడిచే దారిలో ప్లాస్టిక్ కుర్చీలు వేస్తామే, అచ్చం అదే పని. నిబంధన ప్రకారం కుర్చీలు దగ్గరదగ్గరగా వేస్తే మనిషికి 0.65 చదరపు మీటర్లు లెక్క కట్టి మీ హాల్లో అయిదు వందల పైచిలుకు పడతాయని ఎవరైనా చెబుతారు. మీరు మూడు వందల దగ్గర ఆపండి. ఆ అంకె తలుపు పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

ఇక పైకప్పు. ఫాల్స్ సీలింగ్ వేయిద్దామంటున్న కాంట్రాక్టరును ఒక్క మాట అడగండి: దాని బరువెంత? జిప్సం బోర్డు, దాన్ని పట్టే ఫ్రేము కలిపి చదరపు మీటరుకు పది పన్నెండు కిలోలు ఉంటాయి. మీ గోదాం మొత్తానికి నాలుగు టన్నులు దాటుతుంది. ఆ ట్రస్సులను రేకుల బరువు, గాలి తాకిడి లెక్క వేసి బిగించారు. కింద ఇంత బరువు వేలాడదీస్తారని ఎవరూ అనుకోలేదు. దానికి తోడు ఏసీలు, లైట్లు, పెళ్లిళ్ల సీజన్‌లో పూల డెకరేషన్.

ట్రస్సు నడుమ భాగం చూసి బాగుందనుకోవద్దు. నిచ్చెన వేయించి, ట్రస్సు కాలు గోడలోకి దిగే చోటు చూడండి. రేకుల చివర కారిన నీళ్లన్నీ అక్కడే చేరతాయి, పావురాల రెట్ట కూడా అక్కడే. చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమంటే ఇనుము మిగిలి ఉన్నట్టు. దబ్బుమని, సుత్తి వెంబడి ఎర్రటి పెచ్చు ఊడిపడితే లోపల తినేసినట్టు. బోల్టుల తలలు కూడా చూడండి. తుప్పుకు సగం అరిగిన బోల్టు కింద నుంచి చూస్తే నిండుగానే కనిపిస్తుంది. ఇది మీరు చేసే మొదటి చూపు మాత్రమే. ఆ తర్వాత వరంగల్ ఎన్ఐటీ సివిల్ విభాగం లాంటి చోటి నుంచి స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించి, కాగితం మీద సంతకంతో రిపోర్టు తీసుకోండి. కౌన్సిల్‌లో ఎవరైనా ‘ఇన్నేళ్లు నిలబడలేదా’ అంటే ఆ కాగితమే జవాబు.

గోడల జోలికి తక్కువ పోతే మంచిది. డంగు సున్నం గోడ చెమ్మను పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే చెమ్మ బయటికి రాలేక లోపలే పైకి పాకుతుంది, రెండు వానాకాలాల్లో పెచ్చులూడుతుంది. పాడైన చోట మళ్లీ సున్నంతోనే పూయించాలి. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు గానీ పాత గుడుల మరమ్మతులు జరిగే చోట వాకబు చేస్తే దొరుకుతారు. కొత్త తలుపులకు గోడ కోయాల్సి వస్తే ట్రస్సు కూర్చున్న స్తంభం కింద మాత్రం చెయ్యి పెట్టనివ్వద్దు. రెండు స్తంభాల నడిమి గోడలోనే కోయాలి, ముందు పైన అడ్డ దూలం వేసి ఆ తర్వాత కింద తొలగించాలి. అన్నీ ఒకే రోజు పగలగొట్టకుండా ఒకటి పూర్తయ్యాక ఇంకోటి.

బేస్‌మెంట్ ఎత్తు మీరు రాయలేదు. లారీ తొట్టి ఎత్తుకు కట్టిన గోదాములు మూడడుగుల దాకా ఉంటాయి. వరద నీళ్లు రావు, అది లాభం. చక్రాల కుర్చీ కూడా రాదు, అది నష్టం. ర్యాంపు అంటే చాలామంది నాలుగు బండలు ఏటవాలుగా వేసి చేతులు దులుపుకుంటారు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. మూడడుగులకు ముప్పయ్యారు అడుగులు, మధ్యలో ఆగడానికి సమతలంగా కొంత చోటు, పక్కన పట్టుకోవడానికి కడ్డీ. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక ఇది దయతో చేసే పని కాదు. మోకాళ్ల నొప్పులున్న మనలాంటి వాళ్లం కూడా దాని మీదుగానే వస్తాం.

ముందున్న హమాలీల అరుగును మాత్రం ర్యాంపు పేరుతో పగలగొట్టనివ్వకండి. పైన చిన్న చూరు దించితే అది వరండా అవుతుంది. మీటింగ్ మొదలయ్యేలోపు జనం కూర్చునేది అక్కడే, సగం ఊరి నిర్ణయాలు జరిగేది కూడా అక్కడే.

ఇంకొకటి. లోపల తలుపు పక్క గోడ మీద బొగ్గుతోనో సుద్దతోనో గీసిన గీతలు ఉన్నాయేమో చూడండి. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. హమాలీలు బస్తాలు లెక్క పెట్టిన గుర్తులు అవి. కనిపిస్తే ఆ రెండడుగుల గోడకు వెల్ల వేయనివ్వకుండా ముందు అద్దం బిగించండి. శిలాఫలకం మీద పేర్ల కోసం కొట్టుకునే వాళ్లు కొట్టుకుంటారు. అక్కడ పని చేసినవాళ్ల చేతిరాత మాత్రం ఇదొక్కటే.

ప్రశ్న: సార్, మేము భూపాలపల్లి జిల్లాలో మహిళా సంఘం వాళ్లం. మా దగ్గర పాత పత్తి గోదామును బాగు చేసి హాలుగా ఇచ్చారు. చూడ్డానికి బాగుంది. కానీ మైకులో మాట్లాడితే ఒక్క ముక్క అర్థం కాదు, గుయ్యిమని మోగుతుంది. లోన్ల గురించి బ్యాంకు సార్ గంటసేపు చెబితే వెనక కూర్చున్న మాకు ‘వాయిదా’ అన్నది ఒక్కటే వినపడింది. వాన వస్తే అదీ వినపడదు. సౌండ్ సిస్టమ్ అతను పెద్ద బాక్సులు కొనమంటున్నాడు. సంఘం పొదుపులోంచి ఇవ్వాలా?

జవాబు: ఒక్క రూపాయి ఇవ్వకండమ్మా. నీళ్లు బయటికి పోయే తూము లేని మడికి ఇంకో మోటారు పెట్టినట్టుంటుంది. మీ హాల్లో చప్పుడు తక్కువై కాదు బాధ. పుట్టిన చప్పుడు పోవడానికి దారి లేదు. ఒక మాట గోడకు, రేకుకు, బండకు కొట్టుకొని తిరుగుతుండగానే రెండో మాట వచ్చి దాని మీద పడుతోంది. బాక్సు పెద్దదైతే ఆ తిరిగే చప్పుడు కూడా పెద్దదవుతుంది.

ఈ సంగతి లెక్క కట్టి చెప్పిన మొదటి మనిషి వాలెస్ సబైన్. 1895లో అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో ఒక కొత్త లెక్చర్ హాలుకు మీ హాలు జబ్బే వచ్చింది. ఒక మాట అంటే అయిదున్నర సెకన్లు మోగేది. కుర్ర ప్రొఫెసరు కదా అని బాగు చేసే పని అతని నెత్తిన పెట్టారు. అతను రాత్రిళ్లు దగ్గర్లోని థియేటర్ నుంచి సీట్ల పరుపులు మోయించుకొచ్చి హాల్లో పరిచేవాడు. ఆర్గన్ అనే వాద్యం గొట్టం మోగించి, చప్పుడు పూర్తిగా ఆగేదాకా గడియారం పట్టుకొని కూర్చునేవాడు. ఇన్ని పరుపులకు ఇన్ని సెకన్లు తగ్గింది అని రాసుకొని, తెల్లారేలోపు పరుపులు తిరిగి ఇచ్చేసేవాడు. ఆ లెక్కల్లోంచి వచ్చిన సూత్రాన్నే మేం ఇప్పటికీ వాడుతున్నాం. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో కట్టి 0.16తో గుణించి, గదిలో చప్పుడును మింగే వైశాల్యంతో భాగిస్తే మోత ఎన్ని సెకన్లో వస్తుంది.

పైన మాస్టారు రాసిన గోదామునే తీసుకుందాం, మీది కూడా దాదాపు అంతే ఉంటుంది. సగటున పద్దెనిమిది అడుగుల ఎత్తు అనుకుంటే రెండు వేల ఘనపు మీటర్లు. గోడలు, బండలు, రేకులు కలిపి పన్నెండు వందల చదరపు మీటర్లు. ఇవి తమ మీద పడిన చప్పుడులో నూటికి మూడు వంతులకు మించి మింగవు. అంటే మింగే వైశాల్యం ముప్పయ్యారు. 320ని 36తో భాగిస్తే తొమ్మిది సెకన్లు! పాత గోదాంలో సందులు, కంతలు ఉంటాయి కాబట్టి నిజంగా కొంత తక్కువే వస్తుంది. అయినా మాట అర్థం కావాలంటే ఒక సెకను దరిదాపుల్లో ఉండాలి. హాలు నిండా మూడు వందల మంది కూర్చుంటే మనుషులూ, బట్టలూ కొంత మింగి రెండు సెకన్లకు దిగుతుంది. మీ సంఘం మీటింగ్‌కు అంతమంది రారు. అందుకే మంత్రి సభలో కాస్త వినపడ్డ హాలు మీ సభలో వినపడదు.

మందు రేకుల కింద ఉంది. రాక్ ఊల్ అని రాతిని కరిగించి దూదిలా తీసిన పలకలు దొరుకుతాయి. రెండంగుళాల మందం పలక చదరపు మీటరుకు రెండున్నర కిలోలే. రేకుల కింద అడ్డ పట్టీలకు ఇనుప జాలీ బిగించి, దాని మీద ఇవి పరచి, నూగు రాలకుండా గాజునూలు గుడ్డ కప్పాలి. పలక తన మీద పడిన చప్పుడులో నూటికి ఎనభై వంతులు మింగుతుంది. పైకప్పులో మూడు వందల చదరపు మీటర్లు కప్పితే ఖాళీ హాల్లోనే మోత సెకను పైన ఇంకొంచెం దగ్గర ఆగుతుంది. నూట యాభై మంది కూర్చుంటే సెకను లోపే. ఫాల్స్ సీలింగ్ బరువులో నాలుగో వంతుతో పని అయిపోతుంది. పాత ట్రస్సులు కూడా కంటికి కనిపిస్తూనే ఉంటాయి, తుప్పు పడితే తెలుస్తుంది. ఇది మాస్టారు కూడా వినాలి.

దీనితోనే ఎండ సంగతి సగం తీరుతుంది. మన దగ్గర మే నెల ఎండకు రేకు కింద కూర్చోవడం అంటే పెనం కింద కూర్చోవడమే. పైన రేకులకు వేడిని వెనక్కి కొట్టే తెల్ల పూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, ప్రభుత్వ భవనాలకు దాన్ని చూపించి మున్సిపాలిటీని అడగవచ్చు. పైన తెల్ల పూత, కింద రాక్ ఊల్ పడ్డాక చూరు కింది పాత వెంటిలేటర్లు తెరిస్తే వేడి గాలి దారి చూసుకుంటుంది. ఆ వెంటిలేటర్లనే ఏసీల కోసం సిమెంటుతో మూస్తున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వాన మోత పూర్తిగా పోదు గానీ మాట వినపడేంత తగ్గుతుంది.

థర్మాకోల్ షీట్లు, కోడిగుడ్ల అట్టలు అంటిస్తామని ఎవరైనా వస్తే గేటు దగ్గరే ఆపండి. అట్టలు చప్పుడును పెద్దగా ఆపవు. నిప్పు తగిలితే మాత్రం రెండూ బాగా పనిచేస్తాయి.

ఇంత డబ్బు ఇప్పుడే లేకపోతే ఒక పని చేసి చూడండి. గొంగళ్లు ఓ ఇరవై పోగు చేసి, స్టేజీకి ఎదురుగా ఉన్న వెనక గోడకు నాలుగంగుళాల ఎడం ఉంచి కర్రల మీద వేలాడదీయండి. వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆ రెండు రికార్డులు కమిషనర్ గారికి వినిపిస్తే అర్జీ రాయనక్కర్లేదు. ఉన్ని చప్పుడును మింగుతుంది, పత్తి బొంతలా ఇట్టే అంటుకోదు. బొంతలు మాత్రం వద్దు. బాక్సుల సంగతంటారా, స్టేజీ మీద రెండు పెద్దవి పెట్టి అరిపించే బదులు చిన్నవి నాలుగైదు పక్క గోడలకు, కూర్చున్నవాళ్ల దగ్గరగా పెట్టి తక్కువ వాల్యూమ్‌లో నడిపించమనండి.

ప్రశ్న: నిర్మల్ జిల్లాలో సివిల్ డిప్లొమా చేసి చిన్న పనులు పట్టుకుంటున్నాను సార్. యూరియా నిల్వ చేసిన పాత గోదాంకు మూడుసార్లు పెయింట్ వేశాం. ప్రతిసారీ కింద నాలుగడుగుల దాకా తెల్లగా పూసి, పొడిగా రాలిపోతోంది. ఏ కంపెనీ ప్రైమర్ వాడాలి?

జవాబు: ఏ కంపెనీదీ కాదు తమ్ముడూ. అది పెయింట్ జబ్బు కాదు, గోడలోకి దిగిన ఎరువుల ఉప్పు. చెమ్మ ఆరినప్పుడల్లా ఉప్పు గోడ పైపొర దగ్గర గడ్డకట్టి ఇటుకను లోపలి నుంచి తోస్తుంది. పైన ఎంత గట్టి పెయింట్ వేస్తే అంత పెద్ద పెచ్చు ఊడుతుంది.

ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసి ఆపు. గోడ వెంబడి మట్టి ఎత్తు పెరిగి ఉంటే తవ్వి తగ్గించు. ప్లాస్టర్ అంతా గీకేసి, పొడి బ్రష్‌తో ఉప్పు దులిపి, ఆ పొడిని దూరంగా పారబోయించు. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. తర్వాత మెత్తని బంకమట్టి, కాగితం గుజ్జు శుభ్రమైన నీళ్లతో కలిపి పట్టీలా పూసి, ఆరాక ఊడదీయాలి. ఉప్పు దానిలోకి వస్తుంది. ఒకసారితో తేలదు, రాలడం తగ్గేదాకా చేయాలి. ఆఖర్న సున్నం ప్లాస్టర్. కొన్నేళ్లకు అది పాడవుతుంది, మళ్లీ వేసుకోవాలి. ఇటుక పోయే బదులు ప్లాస్టర్ పోవడం మేలు. ఇనుప స్తంభాలుంటే వాటి అడుగులు కూడా చూడు, ఎరువుల ఉప్పు ఇనుమును ఇంకా తొందరగా తింటుంది.

ప్రశ్న: పైన సిమెంటు రేకులు ఉన్నాయి. ఫ్యాన్ల కోసం రంధ్రాలు వేయించవచ్చా? – జగిత్యాల జిల్లా నుంచి

జవాబు: వద్దు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. కోసినా, రంధ్రం చేసినా లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడవచ్చు. ఫ్యాన్లు గోడకు పెట్టించండి. రేకులు మార్చాల్సి వస్తే తడిపి, విరగకుండా బోల్టులు విప్పి దించాలి, పనివాళ్లకు సరైన మాస్కులు ఇవ్వాలి. రుమాలు కట్టుకుంటే సరిపోదు.

ప్రశ్న: మంచిర్యాల జిల్లాలో వార్డు కౌన్సిలర్‌ను. ఈ రిపేర్ల గోలంతా ఎందుకు సార్? జేసీబీతో ఒక్కరోజులో నేలమట్టం చేసి, కొత్తగా మూడంతస్తుల టౌన్ హాలు కట్టుకుంటే పోలా?

జవాబు: కట్టుకోవచ్చు, అనుకున్న డబ్బు అనుకున్నప్పుడు వస్తే. మా హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో కాళోజీ శతజయంతి రోజున శంకుస్థాపన జరిగింది, 2024 నవంబరులో తలుపులు తెరుచుకున్నాయి. జిల్లా కేంద్రంలో, ప్రజాకవి పేరు మీద కట్టినదానికే అంత కాలం పట్టింది. మీ మున్సిపాలిటీలో గోదాం కూల్చిన రోజు ఖాయంగా తెలుస్తుంది, కొత్త హాలు తెరిచే రోజు తెలియదు. ఈలోపు ఆ జాగా ఏమవుతుందో కౌన్సిలర్‌గా నాకంటే మీకే బాగా తెలుసు.

పాతది కాబట్టి నిలబెట్టి తీరాలని నేను అనను. పునాది ఒకవైపు కుంగి గోడ ఒరిగినా, ట్రస్సుల్లో సగానికి పైగా మార్చాల్సి వచ్చినా కూల్చడమే నయం. ఆ మాట ఇంజినీరు రిపోర్టు చెప్పాలి, జేసీబీ యజమాని కాదు. గోడలు బాగుంటే మాత్రం వాటిని మీకు ఊరికే ఇచ్చినట్టే. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా నలభై అడుగుల వెడల్పు దొరకడం మామూలు సంగతి కాదు, కొత్తగా కడితే ఖర్చంతా దాని దగ్గరే పెరుగుతుంది.

మిగతా చోట్ల కూడా ఈ పని చేశారు. ఫోర్ట్ కొచ్చిలో సుగంధ ద్రవ్యాల వ్యాపారం చేసిన ఆస్పిన్‌వాల్ కంపెనీ పాత గోదాముల్లో 2012 నుంచి కొచ్చి బినాలే కళా ప్రదర్శనలు జరిగాయి. లండన్‌లో 1981లో మూతపడ్డ కరెంటు ఉత్పత్తి కేంద్రం 2000లో టేట్ మోడర్న్ మ్యూజియంగా తెరుచుకుంది. లండన్ మనకెందుకు అంటారా? సరే, వరంగల్‌కే రండి. 1934లో మొదలైన ఆజంజాహీ బట్టల మిల్లు గురించి మా ఊళ్లో ఏ పెద్దాయనను కదిలించినా గంట మాట్లాడతాడు. మరి చూపించండి తాతా అని మనవడు అడిగితే ఎక్కడికి తీసుకెళ్లాలి?

ప్రశ్న: మా హాలు తయారైంది సార్, వచ్చే నెల ప్రారంభం. ఇప్పుడు తాళం ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద గొడవ. పెళ్లిళ్లకు ఇస్తే ఆదాయం వస్తుందని ఒక వర్గం, ఇవ్వొద్దని ఒక వర్గం. – పెద్దపల్లి జిల్లా నుంచి ఒక యువజన సంఘం

జవాబు: ఇది ఇంజినీరింగ్ ప్రశ్న కాదు గానీ, హాళ్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. వానకు, చెదలకు కాదు, తాళానికే.

తాళం కౌన్సిలర్ ఇంట్లో ఉండకూడదు, సంఘం అధ్యక్షుడి ఇంట్లోనూ వద్దు. మున్సిపల్ ఆఫీసులో ఒక ఉద్యోగి పేరున ఉండాలి, రెండోది ఫైర్ స్టేషన్‌లోనో, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనో ఉండాలి. నెల మొత్తం బుకింగులు హాలు బయట నల్లబోర్డు మీద రాయాలి. ఎవరు ఏ రోజు తీసుకున్నారో దారినపోయే వాడికి కూడా కనిపిస్తే సగం గొడవలు పుట్టవు.

పెళ్లిళ్లకు ఇవ్వండి, తప్పేం లేదు. కాకపోతే నెలలో కొన్ని తారీఖులు ముందే వార్డు సభలకు, సంఘాలకు, లైబ్రరీ పిల్లలకు పక్కన పెట్టి, ఎంత పెద్దవాళ్ల పెళ్లయినా ఆ తారీఖులు కదపమని తీర్మానంలో రాయించండి. వంట లోపల వద్దు. గ్యాస్ సిలిండర్లు, జనరేటర్ గోడకు దూరంగా, తలుపులకు అడ్డం రాకుండా ఉండాలి. డెకరేషన్ వాళ్లు ట్రస్సులకు తాళ్లు కట్టకూడదు, వాళ్లకు వేరే స్టాండ్లు పెట్టుకోమనండి. డిపాజిట్ తీసుకోండి, మరుసటి రోజు హాలు చూశాకే తిరిగి ఇవ్వండి. నాకు తెలిసినవాళ్లే కదా అని ఒక్కసారి వదిలేస్తే ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే అవుతారు.

వచ్చిన కిరాయి మున్సిపాలిటీ మామూలు ఖాతాలో కలిస్తే మళ్లీ కనపడదు. హాలు పేర వేరే ఖాతా పెట్టించండి. ఏటా మృగశిర కార్తె రాకముందే రేకుల తొట్లలో ఆకులు తీయించడానికి, రెండు మూడేళ్లకోసారి తెల్ల పూత వేయించడానికి డబ్బు అందులోంచే పోవాలి. బాత్‌రూములు కడిగే మనిషి జీతం కూడా. ప్రారంభం రోజు ఎవరు రిబ్బన్ కత్తిరించాలన్నది మీరూ మీరూ తేల్చుకోండి. కరెంటు బిల్లు ఏ ఖాతా నుంచి కట్టాలో మాత్రం ఆ రోజు కంటే ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి, మీటరు మొదటి నెల నుంచే తిరుగుతుంది.